మిషన్ చప్పుడులో

నవంబరు 12, నంద్యాల

ఈ డైరీలో ఇంతవరకూ కొలతలే ఉన్నాయి. స్వామి శిరస్సు ఎంత, కంఠం ఎంత, పీఠం ఎంత. మాటలు రాయడం ఇదే మొదలు. ఆసుపత్రి వరండాలో కూర్చుంటే చేతులకు పని లేదు. పని లేకపోతే ఈ చేతులు నావి కానట్టు ఉంటాయి. అందుకని రాస్తున్నాను.

నిన్న సాయంత్రం నా భార్య రత్నమ్మను ఇక్కడ చేర్చాం. వేసవి నుంచి ఆళ్ళగడ్డలో టీబీ అనుకుని మందులు వాడుతున్నాం. దగ్గు తగ్గలేదు, మనిషి సగమైంది. నిన్న వంటింట్లోంచి పెరట్లోకి వస్తూ గడప దగ్గర కూలబడింది. పెరట్లోనే మా షెడ్డు. కోయిలకుంట్ల దగ్గరి పల్లెలో కట్టిన కొత్త గుడికి చెన్నకేశవస్వామిని చెక్కుతున్నాను. మాఘమాసంలో ప్రతిష్ఠ. రంగయ్య నా దగ్గరే ఉలి పట్టడం నేర్చుకుని, ఇప్పటికీ నాతోనే ఉన్నవాడు. ముందు చూసింది అతనే.

"అన్నా, వదిన పడిపోయినాది, బేగా రా!" అని కేకేశాడు.

వెంటనే వెళ్ళాను. కారు మాట్లాడుకుని వచ్చాం. నంద్యాల దాకా ఆమె తల నా ఒళ్ళోనే ఉంది.

మా కూతురు సౌమ్య ఈ ఊళ్ళోనే బడిపంతులమ్మ. మేం వచ్చేసరికే ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. ఊపిరితిత్తుల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఓపిగ్గా అన్నీ అడిగింది.

"ఈమె ఏం పని చేస్తారు?"

"ఏం పనీ లేదమ్మా. ఇంట్లోనే ఉంటాది" అన్నాను.

రత్నమ్మ మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. కళ్ళు నా వైపు తిప్పింది. మళ్ళీ పైకప్పు వైపు తిప్పుకుంది.

నవంబరు 13

వెంటనే వెళ్ళానని నిన్న రాశాను. కిరీటం అంచు మీద గీత సగంలో ఉంది. రాయి మీద గీతను మధ్యలో వదిలితే మళ్ళీ మొదలుపెట్టిన చోట అతుకు తెలుస్తుంది. ఆ గీత ముగించి వెళ్ళాను. ఎంతోసేపు కాదు.

నవంబరు 14

రంగయ్య రెండుసార్లు కేకేశాడు.

నవంబరు 15

స్కాన్ తీశారు. డాక్టరమ్మ ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించింది. చుక్కలు, మచ్చలు. టీబీలా లేదంది.

"రాతిపొడి, సిమెంటు లాంటి దుమ్ములో పనిచేసేవాళ్ళకు ఇలాంటి మచ్చలు వస్తాయి. మీ ఇంటి దగ్గర అలాంటిదేమైనా ఉందా?"

"మాది ఆళ్ళగడ్డ గదమ్మా. శిల్పాల ఊరు. ఊరంతా రాతి పనే. అందరికీ తగిలే దుమ్మే" అన్నాను.

అబద్ధం కాదు అది.

"ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఇంత రాదు. ఆమె స్వయంగా దుమ్ములో ఉండాలి" అంది డాక్టరమ్మ.

సౌమ్య నా వైపు తిరిగింది. "నాయనా, అమ్మ షెడ్డులోకి పోతాదా?"

"అప్పుడప్పుడు. సద్ది ఇచ్చేదానికి."

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. ఆ కలం ఏం రాసిందో తొంగి చూడాలనిపించింది. చూడలేదు.

నవంబరు 17

రత్నమ్మకు చీరలు, దుప్పటి తెమ్మని సౌమ్య పంపితే పొద్దున బస్సుకు ఆళ్ళగడ్డ వెళ్ళాను. తాళం తీసేముందు ఒక్కసారి స్వామిని చూద్దామని షెడ్డులోకి పోయాను. ఎడమ చెవి కుండలం దగ్గర రాయి ఎత్తుగా కనిపించింది. దాన్ని కొంచెం సవరిద్దామని కూర్చున్నాను.

సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను.

"బట్టలు యాడ నాయనా?" అంది సౌమ్య.

నా చేతుల్లో ఏమీ లేదు. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఉంది. ఆ పిల్ల చూసింది. తన చీర ఒకటి మడత పెట్టి తీసుకొచ్చింది, వాళ్ళ అమ్మకు.

నవంబరు 19

అప్పుడప్పుడు అన్నాను. ఇక్కడైనా సరిగ్గా రాద్దాం. దీన్ని ఎవరూ చదవరు.

సౌమ్యకు పెళ్ళయి వెళ్ళాక ఇంట్లో మేమిద్దరమే. ఇద్దరం అంటే రత్నమ్మ ఒక్కతే. నేను కోడి కూసే వేళకు షెడ్డులో ఉండేవాణ్ణి. తిండి అక్కడే. పండగ నాడు కూడా తలకు నీళ్ళు పోసుకుని నేరుగా రాయి దగ్గరికే. ఎవరైనా రమ్మంటే "ఈ పని కానీ" అనేవాణ్ణి. ఒక పని కాకముందే ఇంకో రాయి దింపించేవాణ్ణి. ఖాళీగా ఉన్న పీఠం చూస్తే నాకు భయం.

మొదట్లో ఆమె సద్ది తెచ్చి, నేను తినేదాకా కూర్చుని గిన్నె తీసుకుని పోయేది. తర్వాత తిరిగి పోవడం మానేసింది. ఒక రోజు సానరాయి తీసుకుని విగ్రహం పాదాలు రుద్దుతూ కూర్చుంది. బాగా రుద్దింది. మర్నాడు చేతులు రుద్దింది. అలా ఏళ్ళు గడిచాయి. మా షెడ్డు విగ్రహాల నునుపు గురించి శ్రీశైలం దారిలో కూడా చెప్పుకుంటారు. "ఆచారీ, వెన్న రాసినట్టు ఉండాది" అంటారు. అవునని తల ఊపుతాను. ఆ నునుపు ఎవరిదో నేను ఏనాడూ చెప్పలేదు. దాచాలని కాదు, నాకది పని అని తోచలేదు. నేను చేసేదే పని.

గ్రైండింగ్ మిషన్ వచ్చాక రోజులు పట్టే పని గంటల్లో అయింది. మిగిలిన పొద్దులో విశ్రాంతి తీసుకుంటానని రత్నమ్మ అనుకుంది కాబోలు. నేను ఇంకా ఎక్కువ పనులు ఒప్పుకున్నాను. మిషన్ తిరుగుతుంటే షెడ్డులో మనిషికి మనిషి కనిపించడు. నేను తడి తువ్వాలు ముక్కుకు కట్టుకునేవాణ్ణి. ఆమె కొంగు పళ్ళ మధ్య పట్టుకుని పొరక పట్టేది.

"మిషన్ కాసేపు ఆపు, చిమ్ముకుంటా" అనేది.

"నువ్వు చిమ్ముకో. నేను ఆపను."

ఎన్నిసార్లో! ఒక్కసారీ ఆపలేదు. నీకూ ఒక తువ్వాలు కట్టుకో అని కూడా అనలేదు.

డాక్టరమ్మకు ఈ మాట చెప్పాలి. చెబితే షెడ్డు మూయమంటుంది. నన్నూ పోవద్దంటుంది. స్వామి మొహం ఇంకా చెక్కాలి. ముక్కు, పెదవులు, కళ్ళు. ప్రతిష్ఠ కాగానే చెబుతాను. ఇప్పుడు చెప్పినా అప్పుడు చెప్పినా ఊపిరితిత్తి మారదు కదా.

నవంబరు 21

గుడి కమిటీ పెద్ద రామానుజం గారు బత్తాయిలు తీసుకుని చూడడానికి వచ్చారు. మంచి మనిషి. మంచం పక్కన నిలబడి రత్నమ్మకు దండం పెట్టారు. తర్వాత నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు.

"ఆచారీ, నువ్వు ఈ అవస్థలో ఉండగా అడగకూడదు. ముహూర్తం మాత్రం మార్చలేం. మిగిలింది రంగయ్యతో చేయిద్దామా? మాకేం అభ్యంతరం లేదు."

దారి ఆయనే చూపించారు. నేను అవునంటే చాలు.

"రంగయ్యకు మొగం రాదు స్వామీ. నేనే చేస్తా. పోయి వస్తా ఉంటా" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. నోరు దానంతట అదే అంది. తిరిగి చూస్తే రత్నమ్మ మేలుకుని ఉంది.

"పో" అంది నాతో. "ముక్కు దగ్గర జాగ్రత్త."

నవంబరు 22

డాక్టరమ్మ నన్నూ సౌమ్యనూ తన గదిలోకి పిలిచింది.

"ఆమెకు దుమ్ము పని లేదంటున్నారు. అలాంటప్పుడు ఈ మచ్చలు ఎందుకు వచ్చాయో తేల్చాలి. గొట్టం వేసి ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాం. ఆమె ఉన్న స్థితిలో కొంత ప్రమాదం ఉంది. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఎప్పుడైనా, ఎక్కడైనా దుమ్ములో పని చేశారా?"

నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. రంగయ్య. ఒక్క నిమిషమని చెప్పి బయటికి వచ్చాను. రంగయ్య అడిగింది ఏమంత పెద్ద విషయం కాదు, ఉలి మొనలు పదును పెట్టించాలా అని. నేను చాలాసేపు మాట్లాడాను. స్వామి నుదురు గురించి, కనుబొమల గురించి. లోపలికి వచ్చేసరికి డాక్టరమ్మ ఇంకో రోగి దగ్గరికి వెళ్ళిపోయింది.

సోమవారం ముక్క తీస్తారట.

రేపు చెబుతాను.

నవంబరు 23

ఈ రోజు డాక్టరమ్మ కనిపించలేదు. మధ్యాహ్నం ఒకసారి కనిపించింది. తొందరలో ఉన్నట్టుంది.

నవంబరు 24, ఆళ్ళగడ్డ

ముక్కు కుదిరింది. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు.

నవంబరు 26, నంద్యాల

నిన్న పొద్దున్నే నంద్యాల చేరాల్సినవాణ్ణి. పెదవుల గీత పెట్టి బయల్దేరదామనుకున్నాను. చొక్కా విప్పి మేకుకు తగిలించాను. ఫోన్ చొక్కాలో ఉంది. మిషన్ ఆన్ చేశాను.

ఆపేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. ఫోన్ తీస్తే తెర నిండా సౌమ్య పేరే. తిరిగి చేశాను.

"నాయనా, అమ్మకు ఊపిరితిత్తికి చిల్లి పడింది. ఐసీయూలో పెట్టినారు. నేనే సంతకం పెట్టినా. నువ్వు యాడుండావు? ఏం చేస్తాండావు?"

ఏం చేస్తున్నానో చెప్పలేదు. వెనక రంగయ్య ఉలి చప్పుడు ఆమెకు వినబడే ఉంటుంది.

బస్సులో నిలబడి వచ్చాను. ముక్క తీసిన చోట నుంచి గాలి బయటికి చేరి ఊపిరితిత్తిని నొక్కేసిందట. పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. అద్దంలోంచి చూడనిచ్చారు. రాత్రంతా ఆ తలుపు దగ్గరే కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని. రాయడానికి కూడా మనసు రాలేదు.

ఈ పొద్దు డాక్టరమ్మ రాగానే లేచి నిలబడి చెప్పాను. అన్నీ చెప్పాను. సానరాయి, పొరక, మిషన్, పళ్ళ మధ్య కొంగు. ఎన్నేళ్ళో చెప్పాను. సౌమ్య నా పక్కనే ఉంది.

డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంది.

"ఇది మొదటి రోజే చెప్పి ఉంటే ముక్క తీసే అవసరమే ఉండేది కాదండీ" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

ఆమె వెళ్ళాక సౌమ్య నా వైపు చూసింది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి షెడ్డు వాకిట్లో నిలబడి చూసేది ఇలాగే, ఎప్పుడు తల ఎత్తుతానా అని.

"నీకు తెలుసు" అంది.

"తెలుసు పాపా."

"తెల్సీ పోయినావు."

ఈ పేజీలో జవాబు కోసం ఎంత వెతికినా స్వామి పెదవులే గుర్తొస్తున్నాయి.

నవంబరు 29

గొట్టం తీసేశారు. గండం గడిచిందన్నారు.

రత్నమ్మ కొంచెం మాట్లాడుతోంది. సౌమ్య మంచం మీదికి వంగి అడిగింది. "అమ్మా, నువ్వన్నా చెప్పకూడదా, షెడ్డులో పని చేస్తాంటినని?"

"చెప్తే... మీ నాయన పని నిలిచిపోదా పాపా" అంది రత్నమ్మ.

సౌమ్య లేచి బయటికి పోయింది. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. నన్ను తిట్టినా పడేవాణ్ణి. ఆ మాట మాత్రం పడలేకపోయాను. తన ఊపిరి కంటే నా పని పెద్దదని ఆమెకు నేర్పింది ఎవరు? నోటితో ఒక్కనాడూ చెప్పలేదు. రోజూ చేసి చూపించాను.

నన్ను కూడా ఎక్స్‌రే తీయించుకోమన్నారు. నాకు పెద్దగా ఏమీ లేదట. తడి తువ్వాలు కాపాడిందేమో అన్నారు.

డిసెంబరు 4

రేపు పంపించేస్తారు. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఊపిరితిత్తిలో పడిన మచ్చలు పోవు. మందు లేదు. ఇక దుమ్ము తగలకుండా చూసుకుంటే ఉన్న ఊపిరి కొన్నాళ్ళు నిలుస్తుంది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాలి. ఆళ్ళగడ్డ ఇంటికి పోకూడదు. షెడ్డు పెరట్లోనే ఉంది మరి.

సౌమ్య వాళ్ళింట్లో ముందు గది ఖాళీ చేసింది. అల్లుడు గిరీశ్ మంచం జరిపి, ప్లగ్గు బిగించి వెళ్ళాడు. తర్వాత సౌమ్య నాతో చెప్పింది.

"నాయనా, నువ్వు ఈడ ఉంటే ఉండు. లేకుంటే ఆళ్ళగడ్డకు పో, నేనేమీ అనుకోను. పోయి రావడం మాత్రం వద్దు. ఆ పొడి నీ బట్టల్లో ఈ గదిలోకి వస్తాది."

ఇంత తేటగా నాతో ఎవరూ మాట్లాడలేదు.

డిసెంబరు 5

పొద్దున లేచినప్పటి నుంచి ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాను. భోజనాల వేళ దాటాక రంగయ్యకు చేశాను.

"రంగయ్యా, స్వామి పెదవులు నువ్వే చెయ్. కళ్ళు కూడా."

అటువైపు ఉలి చప్పుడు ఆగింది.

"అన్నా, నాకు రాదంటివి గదా."

ఆ మాట రామానుజం గారు అతనికి చెప్పినట్టున్నారు. ఇన్నేళ్ళలో ఒక్క మొహం కూడా అతని చేతికి ఇవ్వలేదు నేను. ఇస్తే కదా వచ్చేది.

"వస్తాది. నువ్వు జేస్తే వస్తాది. నిదానంగా చెయ్" అన్నాను.

ఫోన్ పెట్టేసి స్నానాల గదిలోకి పోయి, కొళాయి తిప్పి ఏడ్చాను. రత్నమ్మ కోసం కాదు. ఆ పెదవుల కోసం. ఇది ఎవరికీ చెప్పను.

డిసెంబరు 13

సౌమ్య ఇంట్లో కత్తిపీటలు, కత్తులు అన్నీ పదును పెట్టేశాను. తలుపులకు నూనె వేశాను. ఈ పొద్దు గడప కింద సిమెంటు పెచ్చు లేచిందని సుత్తితో కొడుతుంటే సౌమ్య పరిగెత్తుకుంటూ వచ్చింది.

"నాయనా! దుమ్ము!"

సుత్తి చేతిలోంచి లాక్కుంది. నా బిడ్డ నా చేతిలోంచి పనిముట్టు లాక్కోవడం ఇదే మొదలు. నేను పిల్లవాడిలా నిలబడిపోయాను.

లోపలి నుంచి రత్నమ్మ పిలిచింది. పోయి నిలబడ్డాను.

"కూచో" అంది.

కూర్చున్నాను.

"ఏం చేయాల?" అన్నాను.

"ఏమీ చేయద్దు. కూచో."

డిసెంబరు 14

కూర్చున్నాను.

డిసెంబరు 22

ఊరికే కూర్చోవడం రాయి చెక్కడం కంటే కష్టం. మోకాలు దానంతట అదే ఆడుతుంది. నా వేళ్ళు మంచం పట్టె మీద గీతలు గీస్తుంటాయి. రత్నమ్మ తన చెయ్యి తెచ్చి వాటి మీద పెడుతుంది. కోపంగా కాదు. ఏడ్చే పిల్లను జోకొట్టినట్టు.

ఆమె చెయ్యి గరుకుగా ఉంది. సానరాయి పట్టిన చెయ్యి. అన్నిటినీ నునుపు చేసి ఆ చెయ్యి ఇలా మిగిలింది. ఇన్నాళ్ళలో దాన్ని పట్టుకుని చూసిన గుర్తు లేదు.

జనవరి 9

ఆమె నిద్రపోయినప్పుడు లేచి వాకిట్లోకి పోయి ఆళ్ళగడ్డ బస్సులు వెళ్ళే రోడ్డు వైపు చూస్తాను. చూసి వచ్చేస్తాను. ఇది కూడా తప్పే అనిపిస్తుంది.

జనవరి 18

ఈ పొద్దు రత్నమ్మకు బాగుంది. దిండు ఆనుకుని కూర్చుంది. ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటూ తిరుగుతోంది. ఆమె మాట వినాలంటే చెవి దగ్గరగా పెట్టాలి.

చాలా రోజులుగా గొంతులో ఉన్నది అడిగేశాను. "రత్నా, నా వల్లనే గదా. నేను ఇంటికి వచ్చింటే నువ్వు షెడ్డులోకి వచ్చేదానివి కాదు. నాకు సద్ది ఇయ్యాలని, నాకు సాయం జేయాలని వచ్చి..."

"సాయం జేసేదానికి రాలే" అంది.

"మరి?"

"మాట్లాడేదానికి వచ్చినా."

నాకు అర్థం కాలేదు. షెడ్డులో మేం మాట్లాడుకున్నట్టు నాకు గుర్తే లేదు. చిమ్ముతాను, ఆపు, ఆపను. అంతే.

"ఏం మాట్లాడితివి?"

ఆమె ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ, ఆగుతూ చెప్పింది. "రోజూ మాట్లాడతాంటి. చిమ్ముతా మాట్లాడతాంటి. పాప ఫోన్ చేసింది, ఇది చెప్పింది, అది చెప్పింది... అన్నీ. మిషన్ చప్పుడులో నీకు యాడ ఇనపడతాది? అయినా చెప్తాంటి. నువ్వు తల ఊపుతాంటివి గదా."

తల ఊపేవాణ్ణి. గీత అనుకున్నట్టు వస్తే నాకు తల ఊపడం అలవాటు. రాయికి ఊపేవాణ్ణి. ఆమె తనకనుకుంది. లేక తనకు కాదని తెలిసే మాట్లాడిందేమో. అది అడగడానికి ధైర్యం చాలలేదు.

"ఇప్పుడు చెప్పు. ఇప్పుడు ఇంటాను" అన్నాను.

రత్నమ్మ నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుని అంది.

"ఇప్పుడు చెప్పేదానికి ఊపిరి యాడుండాది?"

జనవరి 19

నిన్నటి మాట తర్వాత నిద్ర పట్టలేదు. ఎన్ని రోజుల మాటలు! అన్నీ ఆ పొడిలో కలిపి, తట్టలకెత్తి షెడ్డు వెనక పారబోశాం.

ఫిబ్రవరి 10

ప్రతిష్ఠ అయింది. నేను వెళ్ళలేదు. రామానుజం గారు ప్రసాదం పంపించారు, సౌమ్య ఫోనుకు ఫోటో కూడా. రంగయ్యకు శాలువా కప్పారట.

ఫోటో పెద్దది చేసి చూశాను. కింది పెదవి కొంచెం మందమైంది. నేనైతే అలా చేసేవాణ్ణి కాదు. రత్నమ్మకు చూపించాను.

చాలాసేపు చూసింది. "నవ్వుతాండాడు" అంది. "నీ దేవుళ్ళు... ఎవురూ నవ్వరు."

ఆ మాటకు కోపం వచ్చింది. కాసేపటికి పోయింది. రంగయ్యకు ఫోన్ చేసి బాగుందని చెప్పాను. అతను ఏడ్చాడు.

ఫిబ్రవరి 16

రత్నమ్మ రోజుకు ఒకటో రెండో చెబుతోంది. అప్పుడు షెడ్డులో చెప్పినవి. నేను అడగను. ఓపిక ఉన్నప్పుడు ఆమే మొదలుపెడుతుంది. పెద్ద విషయాలేమీ కావు. పక్కింటి చెన్నమ్మ బంగారం కుదువ నుంచి విడిపించుకుంది. సౌమ్యకు చింతకాయ పచ్చడి తినబుద్ధి అయింది, పంపిద్దామా. వంటింటి కిటికీ చెక్క ఉబ్బి మూసుకోవడం లేదు. ఇవన్నీ ఎప్పుడో తీరిపోయినవి. ఇప్పుడు జవాబు చెప్పి ఏం లాభం? అయినా చెబుతున్నాను. పచ్చడి పంపిద్దాం అన్నాను. ఆమె సరే అంది.

ఫిబ్రవరి 21

ఈ పొద్దు మాట్లాడడానికి కష్టంగా ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. డాక్టరమ్మ వచ్చి చూసి, మిషన్‌లో ఆక్సిజన్ కొంచెం పెంచి వెళ్ళింది. మాట్లాడించవద్దంది.

నేను మాట్లాడించలేదు. ఆమే నా చొక్కా పట్టి దగ్గరికి లాగింది.

"షెడ్డు ఎనక... కుక్క ఈనింది" అంది.

ఏ ఏడాది సంగతో! అప్పుడు నేను ఏ విగ్రహం మీద ఉన్నానో.

"ఎన్ని పిల్లలు?" అన్నాను.

నాలుగు వేళ్ళు చూపించింది. కాసేపటికి ఒకటి మడిచింది.

"ఏమాయ దానికి?"

కళ్ళు మూసుకుని చెయ్యి కొంచెం ఎత్తింది, ఆగు అన్నట్టు. నేను కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుని, ఆమె ఊపిరి కూడగట్టుకునేదాకా కూర్చున్నాను.